డాక్టర్ సలహా: రంగు మారిన పన్నును ముందు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 29. రెండు నెలల క్రితం గొడవలో ఒకతను ముఖం మీద గుద్దితే పైవరుసలో ముందు పన్ను ఊడిపోయింది. ఎక్కడ పడిందో దొరకలేదు. పక్క పన్ను అప్పుడు కదిలేది. ఇప్పుడు గట్టిపడింది కానీ రంగు మారింది, పైన చిగురు మీద చిన్న పొక్కు వచ్చి పోతోంది. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుంటున్నాను. కేసు నడుస్తోంది. పన్నుకు కోర్టు ఎంత పరిహారం ఇప్పిస్తుంది? డాక్టర్ లెటర్ ఎలా ఉండాలి?

జవాబు: ఎంత అన్నది జడ్జి తేల్చాలి, మీ లాయర్ అంచనా వేయాలి. నా టెన్షన్ మాత్రం మిగిలిన ఆ పక్క పన్ను గురించే. దెబ్బకు లోపలి నరం చచ్చిపోతే పన్ను ఇలాగే బూడిద రంగుకు తిరుగుతుంది. నొప్పి లేదని ఊరుకుంటారు. నరమే లేనప్పుడు నొప్పెక్కడిది? చిగురు మీది పొక్కు, వేరు కొసన చేరిన చీము బయటికి వచ్చే దారి కావచ్చు. పొద్దున లేవగానే నోట్లో చేదుగా అనిపిస్తోందా? చూడకుండా ఖాయంగా చెప్పలేను, కానీ ఎక్స్‌రే తీశాక రూట్ కెనాల్ (పన్ను లోపలి చచ్చిన నరాన్ని తీసి, శుభ్రం చేసి మూసేయడం) అవసరమని తేలే అవకాశమే ఎక్కువ.

ఇక ఆ యాంటీబయాటిక్. చచ్చిన నరంలోకి రక్తం పోదు, కాబట్టి మందూ పోదు. పొక్కు నాలుగు రోజులు అణిగి మళ్లీ లేస్తుంది. మీరేమో ఇంకో స్ట్రిప్ కొంటారు. ఈలోగా లోపల వేరు కరిగిపోతుండవచ్చు. అది ముదిరితే ఈ పన్నూ దక్కదు. చదువుకున్నవాళ్లే ఇలా చేస్తే ఏమనాలి?

దొరకని పన్ను సంగతి మీరు తేలిగ్గా రాశారు. ముక్క పెదవిలో దిగబడి ఉండొచ్చు, అరుదుగా ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. తగ్గని దగ్గు, ఆయాసం ఉంటే ఛాతీ ఎక్స్‌రే ఆలస్యం చేయొద్దు.

లెటర్ అంటారా, డాక్టర్ తాను చూసిందే రాస్తాడు. పన్ను కదిలినప్పుడు ఏ డాక్టర్‌కూ చూపించకపోయి ఉంటే ఆ మాట 'పేషెంట్ చెప్పిన ప్రకారం' అనే వస్తుంది. పాత తేదీ వేయమని, గాయం పెద్దదిగా రాయమని అడగకండి. దెబ్బకు ముందు పళ్లు బాగున్నాయనడానికి పాత ఎక్స్‌రేలు, నవ్వుతూ దిగిన ఫొటోలు ఉంటే లాయర్‌కు ఇవ్వండి.

ఒకటి మాత్రం లెటర్‌లో తప్పక రాయించుకోండి: ముందు ముందు కావాల్సిన వైద్యం. ఊడినచోట ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు) పెట్టినా దాని మీది క్యాప్ జీవితాంతం ఉంటుందని హామీ లేదు. దెబ్బతిన్న వేరు కరగడం ఏళ్ల తర్వాత బయటపడవచ్చు, అందుకే ఇలాంటి గాయాలను 5 ఏళ్ల వరకు గమనించమంటాం. ఈ లెక్క తేలకముందే రాజీ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అన్నది లాయర్‌తో మాట్లాడుకోండి. డెంటిస్ట్ దగ్గరికి మాత్రం ఈ వారంలోనే వెళ్లండి, వేసుకున్న మందుల స్ట్రిప్పులన్నీ పట్టుకుని.