ఫోన్లో తెలుగు బాగా కొట్టే పిల్లలకు కాగితం మీద ఒత్తులెందుకు తప్పుతాయి?

ఎనిమిదో తరగతి అబ్బాయి వాట్సాప్‌లో తెలుగు శుభ్రంగా పంపుతాడు, నోటుబుక్కులో మాత్రం ‘అర్దం’, ‘మద్యానం’ అని రాస్తాడు, టైపింగ్ మాన్పించాలా అని అడిగారు. మాన్పించక్కర్లేదు. కీబోర్డు మార్చండి చాలు.

ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే పద్ధతిలో పిల్లవాడు మాటను గుర్తుచేసుకోడు. పైన వరసగా కనిపించే మాటల్లోంచి ఒకటి ఏరుకుంటాడంతే. పెన్ను పట్టుకుంటే ఆ వరస ఉండదు. పైగా మనం త కీ, థ కీ కూడా ‘టీ, హెచ్’ అనే కొడతాం. ణ-న, ళ-ల, శ-ష-స గొడవా ఇంతే, తేల్చే పని మెషీన్‌కే పోతుంది. అదీ ఒక్కోసారి ముంచుతుంది. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. రెండూ సరైన మాటలే కాబట్టి మామూలు స్పెల్‌చెక్ పట్టుకోదు.

కంప్యూటర్లో తెలుగు కీబోర్డు పెట్టేటప్పుడు ఫొనెటిక్ (ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేది) వద్దు, ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో తెలుగు అక్షరానికి ఒక్కో కీ ఉండేది) ఎంచుకోండి. అందులో కె నొక్కితే క, షిఫ్ట్‌తో ఖ. ఎల్ దగ్గర త, షిఫ్ట్‌తో థ. ఓ దగ్గర ద, షిఫ్ట్‌తో ధ. అక్షరం కింద ఒత్తు కావాలంటే రెండు అక్షరాల మధ్యలో డి నొక్కి పొల్లు (్) ఇవ్వాలి. ‘చిహ్నం’లో ముందు హ, తర్వాత పొల్లు, ఆ తర్వాత న. చాలామంది ‘చిన్హం’ అని పలుకుతారు కనుక తప్పు దొరికిపోయేది సరిగ్గా ఇక్కడే. మొదట్లో నత్తనడకే, విసుక్కుంటాడు. ఫోన్లో అయితే సెట్టింగుల్లోకి వెళ్లి సజెషన్ల వరస ఆపేయండి.

రోజూ పది మాటలు మీరు చెప్పండి, వాడు రాయాలి. చూచిరాత కాదు, ఉక్తలేఖనమే. అనుమానం వస్తే ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటువులో వెతకండి. తప్పినవాటిని ఒకసారి చూసి, మూసేసి, మూడుసార్లు రాయించండి. మూడు రోజుల తర్వాత అవే మాటలు మళ్లీ అడగండి.

చేతిరాత సంగతి వేరు. తెరమీద ఒత్తు దానంతటదే కుదురుగా కూర్చుంటుంది, కాగితం మీద దానికి చోటు మనమే వదలాలి. ఒంటిగీతల పుస్తకంలో పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. జంటగీతల పుస్తకం కొనండి, అక్షరం గీతల మధ్య, ఒత్తు కింది గీతకు దిగువన. థ పొట్టలో చుక్క, ధ కింద గీత మరిచిపోతున్నాడేమో విడిగా చూడండి. జెల్ పెన్ను జారుతుంది, కొన్నాళ్లు పెన్సిలే మేలు. ట్యాబ్ అద్దం మీద స్టైలస్ ఇంకా జారి అక్షరాలు ఉబ్బిపోతాయి. ఫోన్లో వేలితో రాసే కీబోర్డు గిలికిన అక్షరాన్నీ ఊహించి సరిచేసేస్తుంది, దాన్ని సాధన కింద లెక్కవేయకండి.