డ్రైవర్ ఇంట్లో వదిలి రా

చి. మేనల్లుడికి,

ఆశీస్సులు. గోల్ఫ్‌లో ప్రొఫెషనల్‌గా మారుతున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. రెండు పేజీల్లో పేజీన్నర దూరం కొట్టే ఆ కొత్త కర్ర, డ్రైవర్ ముచ్చటే. బంతి మూడు వందల గజాలు పోతోందట, సంతోషం. బంతిని గుంటలోకి దొర్లించే పటర్ ఊసు మాత్రం ఒక్క వాక్యంలో కూడా లేదు. అందుకే ఈ జాబు.

మన దేశపు గోల్ఫ్ ఆటగాడు ఎస్.ఎస్.పి. చౌరాసియా గురించి నీకు చెప్పాలి. తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి సంరక్షణ చూసే ఉద్యోగి. పిల్లవాడు ఆ గడ్డి మీదే, పేరున్న కోచ్ ఎవరూ లేకుండా, చూసి చూసి ఆట పట్టాడు. ఆజానుబాహుడు కాడు, దూరం కొట్టేవాడూ కాడు. గుంట ఉండే నున్నటి గడ్డి, ఆ గ్రీన్ చుట్టుపక్కల మాత్రం అతని చేతులు మాట్లాడేవి. బంతిని కొద్దిగా లేపి గ్రీన్ మీద వేసే చిప్, గుంటలోకి దొర్లించే పట్, ఈ రెండు మాటలు అతని ఇంటిపేరుకు అతికించి తోటి ఆటగాళ్లు ముద్దుపేరు కూడా పెట్టారు.

2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచింది ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో. అక్కడ బంతి పోవాల్సిన దారికి రెండు వైపులా పొదలే. బంతి అందులోకి వెళితే వెతకడం కూడా దండగ. బలం చూపించుకునేవాడికి అది శిక్ష, అణకువగా ఆడేవాడికి సొంతిల్లు. 2015 ఇండియన్ ఓపెన్‌లో అదే కోర్సులో స్కోర్లు సమానమై, తేల్చడానికి ఆడిన ప్లేఆఫ్‌లో మనవాడే అయిన అనిర్బన్ లాహిరి చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడాది అక్కడే గెలిచాడు. 2017లో గురుగ్రామ్‌లో, కొమ్ములు తిరిగినవాళ్లే తిట్టుకునే కోర్సులో, ఏడు స్ట్రోకుల, అంటే ఏడు దెబ్బల తేడాతో అదే ఇండియన్ ఓపెన్ మళ్లీ గెలిచాడు.

అతను ప్రొఫెషనల్ అయింది 1997లో. 2008 నాటి ఆ మొదటి పెద్ద గెలుపుకు ఎన్నేళ్లు పట్టిందో లెక్క వేసుకో. పోటీ మధ్యలో వెనకబడ్డవాళ్లను పంపించేసే కట్ దాటకపోతే చేతికి పైసా రాదు. కర్రల సంచి మోసే కాడీ కూలి, రైలు, గది అద్దె మాత్రం ఆగవు. ఏడాది ఖర్చు విడిగా పెట్టుకోకుండా బయలుదేరకు. మీ నాన్న ఇస్తానన్నది అప్పుగా రాయించుకో, మొహమాటపడకు.

ఇక సాధన. బకెట్ నిండా బంతులు పోసుకుని కొట్టకు. పదో బంతి ఎవరికైనా బాగానే పడుతుంది, పోటీలో పదో బంతి ఉండదు. ఒకే ఒక్క బంతిని గ్రీన్ పక్కన పొడుగు గడ్డిలోకి, ఆ రఫ్‌లోకి వెనక్కి తిరిగి విసురు. ఎక్కడ కూరుకుంటే అక్కడి నుంచే చిప్ చేసి, పట్ వేసి హోల్‌లో, అదే గుంటలో వెయ్యి. రెండు దెబ్బల్లో పడితే ఒకటి లెక్క, మూడు పట్టిందా, మళ్లీ మొదటి నుంచి. ఇలా వరసగా ఇరవై పూర్తయ్యాకే భోజనం. నేను ఈ పద్ధతి మొదలుపెట్టిన రోజు సాయంత్రం నాలుగున్నరకు తిన్నాను.

ఇంకొక మాట, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఒక పోటీలో మంచి రౌండ్ ఆడి, సంబరంలో స్కోర్‌కార్డు చూడకుండా సంతకం చేశాను. పద్నాలుగో హోల్‌లో నాకు పట్టింది ఐదు దెబ్బలు, కార్డులో ఉన్నది నాలుగు. రాసింది తోటి ఆటగాడే అయినా సంతకం నాది. అనర్హుణ్ణని తేల్చేశారు. ఆ వారం కాడీకి డబ్బులిచ్చి, బస్సులో నిలబడి ఇంటికి వచ్చాను. ఒక్కో హోల్ అంకె పైకి చదువుతూ వేలు పెట్టి చూసుకో.

సంక్రాంతి సెలవులకు ఇక్కడికి రా. చిప్ కొట్టే వెడ్జ్, పటర్, ఒక బంతి, అంతే తెచ్చుకో. డ్రైవర్ కనిపించిందంటే మీ అత్తయ్య చేత అటక మీద పెట్టించేస్తాను.

నీ మామయ్య