లిండా మార్ అలలకు మొదటి సర్ఫ్‌బోర్డు ఏది కొనాలి?

సందేహం: కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌కు వచ్చి ఆరు నెలలయింది. ఆఫీసు స్నేహితులతో పసిఫికాలోని లిండా మార్ తీరానికి వెళ్లి సర్ఫింగ్ నేర్చుకుందామనుకుంటున్నాను. ఆరడుగుల పాత బోర్డు 200 డాలర్లకు వస్తోంది. తీసుకోవచ్చా? నా బరువు 75 కిలోలు. ఈత వచ్చు.

జవాబు: తీసుకోకండి. ఇంత ఖండితంగా చెప్పడానికి కారణం ఒక్కటే. ఇలాంటి బేరమే 2010 వేసవిలో నాకూ తగిలింది, దాని ఖరీదు నేను మూడేళ్లపాటు కట్టాను.

నేను 2008లో వచ్చాను. 2010 నాటికి డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది. దుకాణంలో ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా దాని ధరను 45తో హెచ్చవేయకుండా బిల్లు కట్టేవాణ్ణి కాదు. కరీంనగర్‌లో ఇంటి అప్పు తీరలేదు, చెల్లెలి పెళ్లి ముందుంది. అటువంటి సమయంలో 6 అడుగుల 2 అంగుళాల ఫైబర్‌గ్లాస్ బోర్డు 180 డాలర్లకు కనిపించింది. 8,100 రూపాయలే కదా, అద్దెకు తీసుకుంటే రోజుకు 25 డాలర్ల చొప్పున ఏడెనిమిది సార్లకే అంత అవుతుంది కదా అని లెక్క కట్టాను. పైగా అది సీట్లు వంచితే నా కరోలా లోపలే పడుతుంది. కొనేశాను.

ఆ వేసవి అంతా నేను ఒక్కసారి కూడా సరిగా నిలబడలేదు. బోర్డుపై బోర్లా పడుకోగానే అది నాతో పాటు నీళ్లలోకి దిగిపోయేది, ఛాతీ వరకు నీరు వచ్చేది. చేతులతో ఎంత తోసుకున్నా వేగం అందేది కాదు, అల నా కిందుగా దాటి ఒడ్డుకు వెళ్లిపోయేది. పక్కనే పదేళ్ల పిల్లలు నిలబడి సాగిపోతుంటే తప్పు నా ఒంట్లోనే ఉందనుకుని, జిమ్‌లో చేరి దానికీ నెలనెలా డబ్బు కట్టాను.

తప్పు బోర్డుది. బోర్డు నీటిపై ఎంత తేలుతుందో దాని పరిమాణాన్ని బట్టి ఉంటుంది, ఆ పరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. నా బోర్డు దాదాపు 30 లీటర్లు, నా బరువు అప్పుడు 78 కిలోలు. నేర్చుకునేవారికి తమ బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లు, వీలైతే ఇంకాస్త ఎక్కువ ఉండాలి. చిన్నప్పుడు మా పొలం బావిలో ఈత నేర్పేటప్పుడు నాన్న నా నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టి దించేవారు. నెల తరువాత ఒకటి విప్పేశారు, ఇంకొన్నాళ్లకు రెండోదీ తీసేశారు. నేను ఇక్కడికి వచ్చి బుర్రలు లేకుండానే బావిలోకి దూకాను.

ఇక దెబ్బ సంగతి. అక్టోబరులో ఒకరోజు అల విరిగి నేను కింద పడ్డప్పుడు బోర్డు తిరగబడి, దాని అడుగున రెక్కలా ఉండే ఫిన్ నా తొడను కోసింది. పాత ఫైబర్‌గ్లాస్ ఫిన్ అంచు కత్తిపీటలా ఉంటుంది. ఏడు కుట్లు పడ్డాయి. బీమా ఉంది కదా అనుకున్నాను కానీ, డిడక్టిబుల్ నిండేవరకు ఖర్చు మనదేనన్న సంగతి బిల్లు వచ్చాకే తెలిసింది. 740 డాలర్లు, అంటే ఆనాటి లెక్కన 33,300 రూపాయలు. ఇంట్లో చెప్పలేదు. ఆ నెల ఊరికి పంపే డబ్బు తగ్గించి, జీతం ఆలస్యమైందని అబద్ధం చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. మీరు ఏ బోర్డు కొన్నా, ముందు మీ బీమా కాగితాల్లో ఈ డిడక్టిబుల్ ఎంతో చూసుకోండి.

2011లో ఇంకో పొరపాటు చేశాను. ఈసారి పొడవు కావాలని తెలుసు కాబట్టి 9 అడుగుల పాత లాంగ్‌బోర్డు 350 డాలర్లకు తీసుకున్నాను. తోక దగ్గర ఒక స్టిక్కరు అంటించి ఉంది, అందానికనుకున్నాను. ఇంటికి తెచ్చి దాన్ని గోటితో లేపితే, కింద వెంట్రుకవాసి పగులు, దాని చుట్టూ తెల్లగా ఉండవలసిన ఫోమ్ టీ రంగుకు మారి ఉంది. బొటనవేలితో నొక్కితే పగులులోంచి ఉప్పునీటి బొట్టు ఉబికి వచ్చింది. లోపల నీరు పట్టిన బోర్డు బరువెక్కుతుంది, పైపొర ఊడుతుంది, ఎండబెట్టి బాగుచేయించే ఖర్చుకు ఇంకో బోర్డే వస్తుంది. పాతది కొంటే స్టిక్కర్ల కింద, అంచుల వెంట వేళ్లతో తడిమి చూడండి. అమ్మేవారు తొందరపెడితే వదిలేయండి.

చివరికి నా చేతికి వచ్చింది కాస్ట్కో అనే టోకు దుకాణంలో అప్పట్లో అమ్మిన వేవ్‌స్టార్మ్ 8 అడుగుల ఫోమ్ బోర్డు. 86 లీటర్లు, పైన మెత్తని పొర, ఫిన్లు మెత్తని ప్లాస్టిక్‌వి. అప్పటి ధర దాదాపు 100 డాలర్లు, ఇప్పుడు పెరిగింది. దానిపై రెండో వారాంతానికే నిలబడ్డాను. పదేళ్ల తరువాత నా కూతురూ దానిపైనే నేర్చుకుంది. ఫోమ్ బోర్డు చూసి సీనియర్లు చులకన చేస్తారేమోనని కొత్తవారు సిగ్గుపడుతుంటారు. నీళ్లలో మీ బోర్డు వైపు ఎవరూ చూడరు, అందరి చూపూ అల మీదే ఉంటుంది.

మీరు వెళ్లబోయే తీరానికి ఇదే ఎందుకు సరైనదో కూడా చెబుతాను. లిండా మార్‌లో అడుగు ఇసుక. వేసవిలో అక్కడ అలలు సాధారణంగా నడుమెత్తు, మెత్తగా పైనుంచి నురుగు కారుతూ విరుగుతాయి. అటువంటి బలం లేని అల పొట్టి బోర్డును తోయలేదు, దానికి నిటారుగా లేచే అల కావాలి. పొడవూ మందమూ ఉన్న బోర్డు మాత్రం అల ఇంకా నిలువెక్కకముందే కదలడం మొదలుపెడుతుంది, మీరు లేచి నిలబడడానికి రెండు మూడు క్షణాల వ్యవధి దొరుకుతుంది. పెడ్రో పాయింట్ ఉన్న దక్షిణపు కొస కొంత నెమ్మదిగా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. ఉదయమే వెళ్లండి, మధ్యాహ్నం గాలి లేచాక నీరంతా చిందరవందరగా ఉంటుంది. శీతాకాలంలో అక్కడే అల వెడల్పంతా ఒక్కసారిగా కూలిపోతుంది, అప్పుడు వెళ్లవద్దు.

కొంత కుదిరాక సాంటా క్రూజ్‌లోని కవెల్స్ తీరానికి వెళ్లండి. నీటిపోటు తక్కువగా ఉన్నప్పుడు అక్కడ అల చాలా దూరం సాగుతుంది, 9 అడుగుల బోర్డుకు అంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు రెడ్‌వుడ్ కలపతో చేసిన పొడవాటి బోర్డులపై అలలెక్కింది కూడా ఆ ఊళ్లోనే, శాన్ లొరెంజో నది సముద్రంలో కలిసే చోట. శాన్ ఫ్రాన్సిస్కో ఓషన్ బీచ్ దగ్గరే కదా అని మాత్రం అటు పోకండి, అక్కడి ప్రవాహాలు అనుభవజ్ఞులనే లాక్కుపోతాయి.

పొదుపు చేయకూడని వస్తువు వెట్‌సూట్, అంటే నీటిలో చలి ఆపే రబ్బరు దుస్తు. ఇక్కడి నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 11 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. జాక్ ఓనీల్ 1952లో శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం తెరిచి వెట్‌సూట్లను జనంలోకి తెచ్చింది ఈ చలికోసమే. ఒంటికి 4, కాళ్లకూ చేతులకూ 3 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. నేను 2 మిల్లీమీటర్లది చౌకగా కొని, అరగంటకే పళ్లు కటకటలాడుతుంటే ఒడ్డెక్కేవాణ్ణి. పెట్రోలు ఖర్చు పెట్టుకుని వెళ్లి అరగంట నీళ్లలో ఉంటే ఆ డబ్బు వృథాయే కదా.

పార్కింగ్ రుసుము, తీరపు హెచ్చరికలు, ఎవరి అల ఎవరిదన్న నియమాలు మీరే చూసుకోగలరు. వాన పడ్డాక 72 గంటలు నీటికి దూరంగా ఉండమని అధికారులు చెప్పేది తప్పక పాటించండి, శాన్ పెడ్రో వాగు ఆ తీరంలోనే కలుస్తుంది.

అందుచేత ముందు నాలుగైదు వారాంతాలు తీరం దగ్గరి దుకాణంలో 8 అడుగుల ఫోమ్ బోర్డు, వెట్‌సూట్ అద్దెకు తీసుకోండి. ఆ అద్దెను రూపాయల్లోకి మార్చి చూడకండి. అప్పటికీ ఇష్టం నిలిస్తే అదే కొలతలో మీ సొంతానిది కొనండి. అది కారు లోపల పట్టదు, పైకప్పుకు మెత్తని ప్యాడ్లు, రెండు పట్టీలు కావాలి. కట్టాక బోర్డు ముందు కొసను పట్టుకుని గట్టిగా ఊపండి. కదిలిందంటే 280 హైవే ఎక్కకముందే మళ్లీ బిగించుకోండి.