బీదలకు సేవ చేస్తే దేవుడికి దగ్గరవుతామా? నా జవాబు కాలిగోళ్ళ దగ్గర మొదలవుతుంది

ప్రశ్న: "బీదలకు సహాయం చేస్తే దేవుడికి దగ్గరవుతామని చర్చిలో చెబుతారు. మూడేళ్ళుగా ప్రతి నెలా డబ్బు ఇస్తున్నాను. నాలో ఏ తేడా తెలియడం లేదు. మీలో ఎవరికైనా నిజంగా అలా జరిగిందా?"

నాకు జరిగింది. కానీ డబ్బు ఇవ్వడం వల్ల కాదు. డబ్బు పంపి దేవుడికి దగ్గరైన మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు. ఈ మాటకి కొందరికి కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి.

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలోని యువకులం నెలకోసారి ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళేవాళ్ళం. ఎవరూ లేనివాళ్ళు ఉండే చోటు. ప్రోగ్రాం ప్రతిసారీ ఒకటే. రెండు పాటలు, చిన్న వాక్యం, మంచాల దగ్గర ప్రార్థన, దుప్పట్లో సబ్బులో పంచడం, చివర గ్రూప్ ఫొటో. గంటన్నరలో బయటపడేవాళ్ళం. వ్యాన్‌లో తిరిగొస్తూ "ఎంత ఆశీర్వాదంగా ఉంది" అనుకునేవాళ్ళం. ఎవరికి ఆశీర్వాదమో ఎవరూ అడగలేదు.

ఒకసారి మూలమంచం తాతగారి దగ్గరకు వెళ్ళి "దేని గురించి ప్రార్థన చెయ్యమంటారు?" అని అడిగాను. ఆయన ఏమీ మాట్లాడకుండా దుప్పటి పక్కకు లాగి కాళ్ళు చూపించారు. గోళ్ళు పసుపు రంగుకి తిరిగి, చెక్కముక్కల్లా మందంగా ఉన్నాయి. బొటనవేలి గోరు వంకర తిరిగి పక్కవేలిలో దిగబడుతోంది. వంగలేరు, చూపు ఆనదు. నడిస్తే నొప్పి కాబట్టి నడవడమే మానేశారు.

"పోయినసారి వచ్చినవాళ్ళూ ప్రార్థనే చేశారు. ఈ గోళ్ళు మాత్రం ఎవరూ తియ్యలేదు" అన్నారు.

పోయినసారి వెళ్ళింది మేమే.

తప్పించుకోవాలనే చూశాను, అబద్ధమెందుకు. "ఇక్కడి ఆయాకి చెప్తానండి" అన్నాను. "చెప్పాను బాబూ, నాలుగు నెలలైంది" అన్నారాయన. ఆయాని అనడానికీ లేదు. అంతమందికి ఇద్దరే ఉండేవారు.

గోరువెచ్చని నీళ్ళ టబ్బు తెచ్చి ఆయన కాళ్ళు అరగంట నానబెట్టాను. మామూలు నెయిల్ కట్టర్ నోరు ఆ మందానికి పట్టదు. అంచు నుంచి కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ రావాలి. నేలమీద కూర్చుంటే మోకాళ్ళు లాగేస్తున్నాయి. వాసన గురించి రాయను. చిన్నవేలి దగ్గర చెయ్యి జారి రక్తం వచ్చింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావురా!" అని కసిరారు. అప్పటిదాకా "బాబూ" అన్న మనిషి "రా" అనేసరికి, ఎందుకో మరి, నాకు హాయిగా అనిపించింది. బయట వ్యాన్ హారన్ మోగుతోంది. ఆ నెల గ్రూప్ ఫొటోలో నేను లేను.

యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడగడం గుర్తొచ్చిందా అని తరువాత మా ఆవిడ అడిగింది. రాలేదు. నీళ్ళు చల్లారిపోతున్నాయనే టెన్షన్ తప్ప నాకేమీ గుర్తురాలేదు. (కొన్ని చర్చిల్లో ఈస్టర్ ముందు గురువారం పాదాలు కడిగే ఆరాధన ఉంటుంది కదా. ఆ రోజు కడిగించుకునేవాళ్ళు ఇంటి దగ్గరే శుభ్రంగా కడుక్కుని, మంచి సాక్సులు వేసుకుని మరీ వస్తారు. కడిగే పాస్టరుగారికి ఏ ఇబ్బందీ ఉండదు.)

ఆ రాత్రి మోకరించాను. నా ప్రార్థనకు ఒక లిస్టు ఉండేది. ఉద్యోగం, ఆరోగ్యం, అప్పు, పిల్లల చదువు. ఆ రోజు ఒక్కటీ నోటికి రాలేదు. "నాలుగు నెలలైంది బాబూ" అన్న మాటే చెవిలో తిరుగుతోంది. "రోగినైయుంటిని, నన్ను చూడవచ్చితిరి" అని, బీదలకు చేసింది తనకు చేసినట్టేనని యేసు చెప్పే మత్తయి సువార్త 25వ అధ్యాయం సండే స్కూల్లో కంఠస్థం చెప్పి బహుమతి కూడా తీసుకున్నవాణ్ణి. నాలుగు నెలలుగా ఆ తాతగారిలో ప్రభువే నాకోసం ఎదురుచూస్తుంటే, నేను ఆ మంచం పక్కనే నిలబడి, కళ్ళు మూసుకుని, రమ్మని ఆయన్నే పిలుస్తున్నాను. అది తట్టాక చాలాసేపు ఏడ్చాను. దగ్గరవడం అంటే నాకు తెలిసింది అదే.

తేడా తెలియడం లేదని మీరు బాధపడుతున్నారు కాబట్టి ఒక మాట. అదే మత్తయి అధ్యాయంలో, తీర్పు రోజున ప్రభువు మెచ్చి కుడివైపు నిలబెట్టినవాళ్ళు కూడా "ప్రభువా, నిన్ను ఎప్పుడు చూశాం?" అనే అడుగుతారు. సేవ చేసినవాళ్ళకే తెలియలేదు! మదర్ థెరీసా సంగతి చూడండి. 1950లో మిషనరీస్ ఆఫ్ ఛారిటీ స్థాపించిన మనిషి. ఆమె ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాక గానీ, దశాబ్దాలపాటు తనలో దేవుడున్న అనుభూతే లేకుండా గడిపిందని లోకానికి తెలియలేదు. అయినా పని ఆపలేదు. అనుభూతిని కొలబద్దగా పెట్టుకుంటే ఆమె కూడా ఫెయిలే.

ఇక డబ్బు సంగతి. దశమభాగం (రాబడిలో పదోవంతు దేవుడికి ఇవ్వడం) అనగానే బైబిల్లో మలాకీ 3వ అధ్యాయం తీస్తారు, ఇస్తే దీవెనలు కురుస్తాయని ఆకాశపు వాకిళ్ళు తెరుస్తారు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర ఏముందో ఎవరైనా చదివి వినిపించారా? ప్రతి మూడో ఏడూ ఆ దశమభాగాన్ని ఊళ్ళోనే ఉంచాలి, లేవీయులతోపాటు (గుడి సేవ చేసే గోత్రంవాళ్ళు) పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాండ్రు వచ్చి తృప్తిగా తినాలి అని ఉంది. నేను విన్న ప్రసంగాల్లో ఆ వచనం ఒక్కసారి కూడా రాలేదు. మా చర్చి సౌండ్ సిస్టమ్ మాత్రం రెండుసార్లు మారింది.

ప్రభువు బల్ల (యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) కూడా ఇంతే. "అయోగ్యముగా" తీసుకోవద్దని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట చదివి, వారమంతా ఏ పాపం చేశామా అని తలొంచుకుని వెతుక్కుంటాం. మంచిదే. కానీ 1 కొరింథీయులకు 11వ అధ్యాయంలో ఆయన కోపం అసలు దేనిమీద? ఉన్నవాళ్ళు ముందే తినేసి తాగేస్తుంటే, లేనివాళ్ళు అదే చోట ఆకలితో సిగ్గుపడుతూ కూర్చున్నారు. దానిమీద. ఆ బల్ల దగ్గరకు వెళ్ళేముందు, నా పక్కన కూర్చున్నవాడు తిన్నాడా లేదా అని నేను ఎన్నిసార్లు ఆలోచించాను? సున్నా.

"ఇదంతా సోషల్ వర్క్ బ్రదర్, ఆత్మీయత వేరు" అని ఒక పెద్దాయన నాకు నచ్చజెప్పారు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న కైసరయ అనే ఊరికి బిషప్‌గా బాసిల్ అని ఒకాయన ఉండేవాడు. పరిశుద్ధాత్మ గురించి పుస్తకం రాసిన మనిషి, ఆత్మీయత తక్కువేం కాదు. ఆయనే ఊరి బయట రోగులకీ బీదలకీ ఒక పెద్ద ఆశ్రయం కట్టించాడు. కుష్ఠురోగుల్ని ముద్దుపెట్టుకుని మరీ పలకరించేవాడని స్నేహితుడు గ్రెగొరీ ఆయన సంస్మరణ ప్రసంగంలో చెప్పాడు. ఆయనకు ఈ రెండూ వేరని ఎవరూ చెప్పలేదు కాబోలు.

మీ డబ్బు ఆపమని నేననడం లేదు. దుప్పటి కూడా డబ్బుతోనే వస్తుంది. దాంతోపాటు నెలకి ఒక్క పూట ఇవ్వండి, ఒక్క మనిషికి. పదిమందికి వద్దు. ఆ మనిషి పేరు తెలియాలి, మీరు రాకపోతే "ఏడీ వీడు?" అని అడగాలి. తాగుబోతా, సోమరా, సహాయానికి అర్హుడా అనే విచారణ పెట్టకండి. ఆ లెక్కన మనకి కృప దొరికేదా?

తాతగారు ఆ తరువాత గోడ పట్టుకుని వరండా దాకా నడిచేవారు. నేను వెళ్ళేసరికి "ఇరవై రెండు రోజులైంది" అని లెక్క అప్పజెప్పేవారు. ఇప్పుడు ఆ వరసలో ఆరుగురు కాళ్ళు చాపుతారు. ఏడో మంచం మామ్మగారు మాత్రం నన్ను ముట్టుకోనివ్వరు, ఆ రక్తం సంగతి ఆవిడకి ఎవరో చెప్పారట. ఈ శనివారం మళ్ళీ వెళ్ళాలి. ముందు కొత్త కట్టర్ కొనాలి, పాతదాని స్ప్రింగు పోయింది.