ఆ ఎడమ చెయ్యి జాగ్రత్త

అమ్మలూ,

బెంగళూరు ఉద్యోగం వదిలేసి కవిటి వచ్చేస్తున్నావట, నాన్న డయాలసిస్ సంగతంతా ఇక నువ్వే చూసుకుంటావట. మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఒళ్లు మండింది. పెద్దవాళ్లతో ఒక్క మాట అనవా? రాత్రి నిద్రపట్టక కూర్చున్నప్పుడు మాత్రం, మా చెల్లెలి కడుపు చల్లగా అనుకున్నాను.

మీ పెదనాన్న రోజుల్లో సోంపేట స్టేషన్లో రైలెక్కి విశాఖ దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు సోంపేటలోనే మిషన్లున్నాయి. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. కనుక ప్రయాణం గురించి నాకు దిగులు లేదు. పెళ్లి అనీ పండగ అనీ ఒక్క డయాలసిస్ కూడా మాననివ్వకు. పింఛను కాగితాలు అమ్మ చూసుకుంటుంది.

నా దిగులంతా ఆయన ఎడమ చేతి మీదే. డయాలసిస్ సూదుల కోసం రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా కుట్టిన చోట రోజూ పొద్దున్నే వేళ్లు ఆనించి చూడు. లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు సన్నగా అదురు తెలియాలి. తెలియకపోతే కాఫీ కూడా తాగకుండా ఆసుపత్రికి పరుగెత్తు. గడ్డ కట్టినా, వెంటనే వెళ్తే తీయగలిగే అవకాశం ఉంటుంది.

మీ పెదనాన్నకు అంత అదృష్టం లేకపోయింది. ఒక రాత్రి జ్వరం వస్తే దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చాం. నేను మందులు కొనుక్కుని వచ్చేసరికి సెలైను ఎక్కుతోంది, ఎడమ చేతికే! నర్సుకు కుడిచేతి నరం దొరకలేదట. ఉబ్బిన ఎడమచేతి నరం చూసి సులువుగా దొరికిందని గుచ్చేసింది. ‘నువ్వెందుకు ఊరుకున్నావయ్యా’ అంటే, ‘చదువుకున్న పిల్ల, ఆమెకు నేను చెప్పడమేమిటి’ అన్నాడు. ఎంత మర్యాదస్థుడో! తెల్లారేసరికి అదురు ఆగిపోయింది. డయాలసిస్ ఆగకుండా మెడలో గొట్టం వేశారు. దానికి చీము పట్టి చలిజ్వరాలు. ఆ తర్వాత కుడిచేతికి కొత్త ఫిస్టులా వేసి, అది పక్వానికి వచ్చేదాకా వారాల తరబడి ఆగమన్నారు. అప్పటినుంచి మిషను మీద ఉన్నంతసేపూ ఆయన కుడిచెయ్యి కదపకూడదు. ఇడ్లీ తుంచి నేను నోట్లో పెడుతుంటే సిగ్గుతో గోడవైపు చూసేవాడు.

అందుకని, నువ్వు పక్కన లేనప్పుడు కూడా ‘ఈ చేతికి సూది వద్దు, బీపీ పట్టీ వద్దు’ అని గట్టిగా అనడం మీ నాన్నకు నేర్పు. ఆయనా ఆ బాపతే, నాకు తెలుసు. ఆ చేత్తో బిందె ఎత్తకూడదు, అటు ఒత్తిగిలి పడుకోకూడదు.

తిండి సంగతి డాక్టరు రాసిస్తారు. మన ఇళ్లలో గొడవ వచ్చేది రెండింటితోనే. చుట్టాలొస్తే బొండం కొట్టడం మన ఉద్దానం మర్యాద. ఆయనకు మాత్రం వద్దు, అందులో పొటాషియం ఎక్కువ, గుండెకే ముప్పు. ఆరోగ్యానికి మంచిదని సోడియం తగ్గించిన ఉప్పు కొనేవు సుమా, అందులో కలిపేదీ పొటాషియమే. మామూలు ఉప్పే, చిటికెడు తగ్గించి వెయ్యి. ఎండుచేపలు, ఆవకాయ మానితే దాహం కూడా తగ్గుతుంది. నీళ్లు కొలిచి ఇవ్వడం నీకూ ఆయనకూ తేలికవుతుంది.

ఇంకొకటి. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఈ ఉద్దానం నేల మీద పుట్టినదానివి, కిడ్నీలెలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష నువ్వూ చేయించుకో. నాన్న రిపోర్టులు మీ అమ్మ ఎలాగూ చదివి వినిపిస్తుంది. నీది నాకు నువ్వే పంపు, ఈ నెలలోనే.

మీ పెద్దమ్మ