రైలు కబుర్లు: మీ ప్రశ్నలు, గార్డు గారి జవాబులు

(విజయవాడ డివిజన్‌లో గూడ్స్ గార్డుగా చేరి, ఎక్స్‌ప్రెస్ బండ్ల గార్డుగా రిటైరైన సత్యనారాయణపురం పెద్దాయన పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక.)

ప్రశ్న: మా నాన్నగారు రైలు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో అడిగినదానికే జవాబు చెప్తారు. పాత స్నేహితులు వస్తే మాత్రం గంటలకొద్దీ మాటలు, ఒకటే నవ్వులు. "వాణ్ణి లూప్‌లో పెట్టారు", "వీడింకా ఔటర్‌లోనే ఉన్నాడు", "ఇవాళ కాఫీ లేదు" అనుకుంటారు. మాకు సగం అర్థం కాదు. ఆ కబుర్లు మాతో ఎందుకు చెప్పరు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ నాన్నగారు నాకు తెలిసే ఉంటారు. "ఇవాళ కాఫీ లేదు" అనే మాట మా సెక్షన్‌లో పనిచేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ అనరు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఔటర్. స్టేషన్‌లో లైన్ ఖాళీ లేకపోతే బండిని బయటి సిగ్నల్ దగ్గర ఆపేస్తారు. ఊరి దీపాలు కనపడుతుంటాయి, కానీ లోపలికి వెళ్ళలేం. అందుకే సంబంధం దాదాపు కుదిరి ముహూర్తం తేలనివాణ్ణి "ఔటర్‌లో ఉన్నాడు" అంటాం. లూప్ అంటే పక్క లైను. వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి గూడ్స్‌ని అందులో పెడతారు. జూనియర్‌కి ముందు ప్రమోషన్ వచ్చిందంటే సీనియర్‌ని లూప్‌లో పెట్టినట్టే. ఇంకోటి కూడా మీరు వినే ఉంటారు, డబల్ ఎల్లో. రెండు పసుపు దీపాలు కనిపిస్తే జాగ్రత్త పడాలి, తర్వాత ఒకటే పసుపు, ఆ తర్వాత ఎరుపు రావచ్చు. "సార్ ఇవాళ డబల్ ఎల్లో" అని, అంటే పై ఆఫీసరు చిరాగ్గా ఉన్నారని, ఒకడు చెవిలో ఊదితే చాలు, లీవు కాగితం జేబులోంచి తీసేవాళ్ళం కాదు.

ఇప్పుడు కాఫీ సంగతి. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో డ్యూటీ కబురు తెచ్చేది కాల్ బాయ్. పేరుకే బాయ్, మా కాలనీకి వచ్చే ఆయనకి మనవలున్నారు. అర్ధరాత్రి సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టి, కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకునేవాడు. నిద్ర కళ్ళతో ఉన్న మనిషిని లేపి పంపడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఒక డ్రైవర్‌కి బాపట్లలో అత్తవారిల్లు. ఆయన బిట్రగుంట గూడ్స్ అనగానే విసుక్కునేవాడు. "బాబూ, బండిని బాపట్ల లూప్‌లో పెడతారంట, అత్తగారి చేతి కాఫీ తాగొచ్చు" అని ఒకసారి కాల్ బాయ్ ఊరించి సంతకం పెట్టించాడు. తీరా బయల్దేరితే బిట్రగుంట దాకా అన్నీ పచ్చ సిగ్నళ్ళే! బాపట్ల ప్లాట్‌ఫాం మీద ఫ్లాస్కుతో బావమరిది నిలబడి ఉన్నాడు. ఈయన ఇంజన్‌లోంచి చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు బిట్రగుంట రన్నింగ్ రూమ్‌లో, అంటే డ్యూటీ దిగిన డ్రైవర్లు, గార్డులు పడుకునే విడిదిలో, అందరూ అడిగింది ఒకటే, "కాఫీ ఎలా ఉంది?" అప్పటినుంచి బండి ఆగకుండా పరిగెత్తిన రోజల్లా మా వాళ్ళకి "కాఫీ లేని రోజు".

మీతో ఎందుకు చెప్పరంటారా? ఆయన ఇంటికొచ్చేసరికి మీరు స్కూల్లో ఉండేవారు. మీరు వచ్చేసరికి ఆయన పగటి నిద్రలో ఉండేవారు, పిల్లల్ని మాట్లాడనివ్వకుండా మీ అమ్మగారు కాపలా కాసేవారు. మా ఇంట్లోనూ అంతే. కబుర్లు చెప్పే అలవాటు ఆయనకి రన్నింగ్ రూమ్‌లో పడింది. అక్కడ ఎవరి బియ్యం, ఎవరి పప్పు వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు, వంటమనిషి వండిపెట్టేవాడు. తిని పడుకోబోయే ముందు ఆ కాసేపే మాటలు. రాత్రంతా కళ్ళు మూయకుండా వచ్చిన మనుషులకి అప్పుడు నవ్వు చాలా అవసరం.

అందుకని ఆయన్ని "మీ అనుభవాలు చెప్పండి నాన్నా" అని అడగొద్దు, ఏం చెప్పాలో తోచదు. బెజవాడ నుంచి గూడూరు దాకా స్టేషన్లు వరసగా చెప్పమనండి. కృష్ణా కెనాల్, దుగ్గిరాల, తెనాలి, నిడుబ్రోలు... అక్కడే ఎక్కడో ఆగి, "ఇక్కడ ఒకసారి ఏమైందంటే" అంటారు. ఇంక మీరు మాట్లాడొద్దు. ఫోన్‌లో రికార్డు చెయ్యండి.

ప్రశ్న: సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఒకప్పుడు రైళ్ళు నడిచేవని మా తాతగారు అంటారు. నిజమేనా?
– ఒక ఇంటర్ విద్యార్థి, విజయవాడ

జవాబు: నిజమే బాబూ. గుడివాడ వైపు వెళ్ళే పాత లైను అదే. తర్వాత మధురానగర్ మీదుగా మార్చి పట్టాలు తీసేశారు. రోడ్డు అంత తిన్నగా, అంత పొడుగ్గా ఉండటానికి కారణం అదే. తాతగార్ని తీసుకెళ్ళి గేట్లు ఎక్కడ ఉండేవో చూపించమను.

ప్రశ్న: చివరి పెట్టెలో జెండా ఊపడం తప్ప గార్డుకి పనేముంటుంది? ఏమనుకోకండి, తెలుసుకుందామనే అడిగాను.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఏమీ అనుకోను, అందరూ అడిగేదే. 2022 జనవరి నుంచి ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్. ఆ పేరు నాకు నచ్చింది, చేసే పనికి తగ్గట్టు ఉంది.

ఒక వానరాత్రి సంగతి చెప్తాను. స్టూవర్టుపురం దాటాక మా గూడ్స్ ఆగిపోయింది. ముందునుంచి నాలుగు చిన్న కూతలు వినపడ్డాయి. బండి ఇంక కదలదని దానర్థం. అప్పుడు గార్డు చేతి దీపం ఎరుపులో పెట్టుకుని, డిటొనేటర్లు తీసుకుని వెనక్కి నడవాలి. మేం వాటిని టపాకాయలు అనేవాళ్ళం. అరచేతిలో ఇమిడే గుండ్రటి రేకు డబ్బీ, రెండు పక్కలా మెత్తటి సీసం పట్టీలు. పట్టా మీద పెట్టి పట్టీలు కిందికి వంచితే అతుక్కుంటుంది. చక్రం ఎక్కితే ఢామ్మని పేలుతుంది, డ్రైవర్ వెంటనే బ్రేకు వేస్తాడు. 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. ఇంత దూరం ఎందుకంటే, వేగంగా వచ్చే బండి బ్రేకు వేసిన చోట ఆగదు, చాలా దూరం జారుకుంటూ వస్తుంది.

చీకట్లో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ నడిచాను. కంకర మీద కాళ్ళు జారుతున్నాయి. రెండు పక్కలా కప్పల బెకబెకలు, వెనక నా బండి చివరి ఎర్ర దీపం చిన్నదైపోతోంది. మూడో టపాకాయ పట్టీ వంచుతుంటే చేతులు వణికాయి. చలికి కొంత, భయానికి కొంత. ఆ రాత్రి వెనకనుంచి ఏ బండీ రాలేదు, సాయం ఇంజను వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళింది. ఏమీ జరగలేదు కాబట్టి ఎక్కడా వార్త రాలేదు. ఇలాంటి రాత్రులు ప్రతి గార్డుకీ ఉంటాయి. ఈసారి రైలు మీ ఊరు దాటుతున్నప్పుడు చివర్లో జెండా పట్టుకున్న మనిషికి చెయ్యి ఊపండి. తిరిగి ఊపుతారు, నాదీ హామీ.

ప్రశ్న: బొగ్గింజన్ల మీద పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారా? వాళ్ళ కబుర్లు కూడా వేయండి.
– ఒక రిటైర్డ్ టీచర్, మంగళగిరి

జవాబు: ఉన్నారు మాస్టారూ, కానీ తగ్గిపోతున్నారు. బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) బొగ్గింజన్లలో చివరిది 1970లో చిత్తరంజన్‌లో తయారైంది, దాని పేరు 'అంతిమ సితార'. 1995కల్లా బ్రాడ్ గేజ్ మీద ఆవిరి బండ్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లో పాతికేళ్ళ కుర్రాడు ఇప్పుడు యాభై దాటేశాడు, ఫైర్‌మన్‌గా మగ్గినవాళ్ళయితే ఎనభైకి దగ్గర. ఒక ఇంజను మీద డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు. ఒకరు బొగ్గు చిన్న ముక్కలు కొట్టి ముందుకు తోస్తే, ఇంకొకరు కొలిమిలోకి విసరాలి. బొగ్గు వేసే పారనే కడిగి, దాని మీద చిలగడదుంపలు కాల్చుకుని తినేవాళ్ళట. ఆ రుచి గురించి ఒక పెద్దాయన చెప్తుంటే నాకు నోరూరింది.

బిట్రగుంట షెడ్‌లో చేసినవాళ్ళు, గుంటూరు నుంచి గుంతకల్లు వైపు మీటర్ గేజ్ (ఇరుకు పట్టాల) లైను మీద తిరిగినవాళ్ళు మీకు తెలిస్తే ఆలస్యం చేయొద్దు. వాళ్ళు ఏ ఇంజను మీద, ఏ సెక్షన్‌లో పనిచేశారో అడిగి, రెండు కబుర్లు రాయించి పంపండి. రాయలేని పెద్దవాళ్ళయితే కబురు చేయండి, బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎక్కడున్నా నేనే వచ్చి రాసుకుంటాను.