'ఆథెంటిక్‌'గా ఉండటం 'ప్రామాణికత' అవుతుందా?

సందేహం: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మనిషి తన ఎంపికలతోనే తనను తాను తయారుచేసుకుంటాడనే తత్వం, అంటే అస్తిత్వవాదం మీద తెలుగులో సెమినార్ పేపర్ రాస్తున్నాను. కాలేజీ విద్యార్థి 'ఆథెంటిక్‌'గా, అంటే తన బతుకును తానే ఎంచుకుని, బతకడం నా విషయం. నిఘంటువు చూసి 'విద్యార్థి జీవితంలో ప్రామాణికత' అని శీర్షిక పెట్టాను. అది సరుకు నాణ్యత గురించిన మాటలా ఉందని నా స్నేహితురాలు అంటోంది. నిజమేనా? 'నేను నేనుగా ఉండటం' అంటే సరిపోతుందా?

సమాధానం: మీ స్నేహితురాలు సరిగ్గానే పట్టుకుంది. 'మా' ధాతువుకు కొలవడం అని అర్థం. ప్రమాణం, పరిమాణం అందులోంచి వచ్చినవే. ఏదో ఒక కొలతకు నిలిచింది ప్రామాణికం. ప్రామాణిక గ్రంథం, ప్రామాణిక భాష అన్నప్పుడు ఆ మాట చక్కగా నప్పుతుంది. వంట గురించి చెప్పేటప్పుడు అదే ఇంగ్లీషు మాటకు 'అచ్చమైన' అంటాం, అదీ బాగుంటుంది. కానీ మనిషి బతుకును కొలవడానికి ముందే తయారై ఉన్న కొలబద్ద ఏదీ లేదన్నదే ఫ్రెంచి అస్తిత్వవాది సార్త్ర్ వాదం. ఆ వాదాన్ని వివరిస్తూ 'ప్రామాణికత' అని రాస్తే, ఆయన కాదన్నదాన్నే మళ్లీ తెచ్చి పెట్టినట్టు అవుతుంది.

జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ 1927లో వచ్చిన తన గ్రంథంలో 'ఆథెంటిక్‌'గా ఉండటానికి వాడిన మాట 'ఐగెన్‌ట్లిష్‌కైట్'. అందులోని 'ఐగెన్'కు అర్థం సొంత. అంటే మనం వెతకాల్సింది కొలత వైపు కాదు, 'తన', 'సొంత' అనే మాటల వైపు. కొందరు 'స్వకీయత' అని రాస్తారు. తప్పు కాదు గానీ, అలంకారశాస్త్రం చదివినవాళ్లకు స్వకీయ (సొంత భార్య), పరకీయ (పరుల భార్య) అనే నాయికలు గుర్తుకొస్తారు. కొత్తదనం, తెలుగుదనం లాగా 'సొంతదనం' అనవచ్చు. నాకు అదే నచ్చుతుంది.

సొంతదనానికి ఎదురుగా హైడెగ్గర్ చెప్పిన 'డాస్ మన్'కు, అంటే మన బతుకును నడిపే పేరులేని జనానికి, మన భాషలో ఎంత మంచి మాట ఉందో చూడండి: 'నలుగురు'. 'నలుగురూ ఏమనుకుంటారు?' అన్నప్పుడు ఆ నలుగురెవరో పేర్లు చెప్పమంటే చెప్పలేం. కర్త లేకుండానే 'కోడింగ్ నేర్చుకుంటేనే ఉద్యోగం అంటున్నారు' అంటాం. అంటున్నది ఎవరు? ఎవరూ కాదు, అందరూ. ఆయన చెప్పిందీ అదే. మీ పేపర్‌లో ఈ మాటను ధైర్యంగా వాడండి. 'జనసామాన్య సమష్టి' లాంటి బరువైన సమాసాలు వద్దు.

ఇక 'నేను నేనుగా ఉండటం'. వాక్యం తెలుగుదనంతో ఉంది, వినగానే అర్థమవుతుంది. అయితే లోపల ఎక్కడో పూర్తిగా తయారైన 'నేను' ఉన్నట్టు, దాన్ని బయటికి తీస్తే చాలన్నట్టు వినిపిస్తుంది. సార్త్ర్ ఒప్పుకోడు. ఉనికి ముందు, సారం తర్వాత అంటాడు. అంటే మనిషి ముందు ఉంటాడు, తానేమిటో తర్వాత తన ఎంపికలతో తేల్చుకుంటాడు. 1945లో పారిస్‌లో చేసిన ప్రసంగంలో ఆయన తన విద్యార్థి ఒకరి సంగతి చెప్పాడు. ఆ యువకుడి అన్న 1940 జర్మన్ దాడిలో చనిపోయాడు. తల్లికి ఇతనే దిక్కు. ఆమె దగ్గర ఉండిపోవాలా, ఇంగ్లండ్ వెళ్లి జర్మనీతో పోరాడుతున్న స్వేచ్ఛా ఫ్రెంచి సేనల్లో చేరాలా అని సలహాకు వచ్చాడు. నువ్వు స్వతంత్రుడివి, ఎంచుకో అన్నదే సార్త్ర్ జవాబు. సలహా కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవడంలోనే సగం ఎంపిక అయిపోయిందనీ అన్నాడు. తల్లి దగ్గర ఉండిపోయినా అది సొంత బతుకే కావచ్చు. ఇంట్లోవాళ్లను ఎదిరించడమే 'ఆథెంటిక్' అని మీ పేపర్‌లో ఎక్కడా ధ్వనించకుండా చూసుకోండి, ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

సొంతదనానికి వ్యతిరేకార్థంగా 'ఆత్మవంచన' అని రాయండి. మోసం చేసేదీ మోసపోయేదీ ఒకరే అన్న అర్థం అందులో ఉంది. 1943 నాటి గ్రంథంలో సార్త్ర్ చూపిన కేఫ్ వెయిటర్ ఉదాహరణ ప్రసిద్ధం: ఆ ఉద్యోగమే తాను అన్నట్టు వెయిటర్ పాత్రను అతిగా నటిస్తాడు. అక్కడే ఒక విద్యార్థి కూడా ఉన్నాడు. శ్రద్ధగా వింటున్నట్టు కనిపించడానికే శక్తంతా ఖర్చుపెట్టి, చివరికి పాఠం వినడమే మానేస్తాడు. మీ విషయానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక్కడ మన క్రియాపదాలు కూడా గమనించాలి. 'నన్ను బీటెక్‌లో చేర్పించారు' అంటాం. అది ప్రేరణార్థక క్రియ, చేసినవాళ్లు వేరే. చేరిన రోజుకు అది నిజం కావచ్చు. 'నాన్న చదివిస్తున్నారు' అన్నప్పుడైతే అందులో కృతజ్ఞత ఉంది, దాన్ని తప్పుపట్టను. కానీ మూడో ఏడాదిలోనూ 'చేర్పించారు కాబట్టి చదువుతున్నా' అంటే, ఈ మూడేళ్లూ తాను చేసిన ఎంపికలన్నీ ఆ ఒక్క క్రియ వెనక దాగిపోతాయి. 'చేర్పించారు, నేను కొనసాగుతున్నాను' అని చెప్పి చూడండి. రెండో క్రియకు కర్త వచ్చింది.

చివరిగా, మీరు అడగని ఒక మాట. తెలుగు విమర్శలో దళిత, మైనారిటీ, తెలంగాణ ఉద్యమాల సాహిత్యం గురించి రాస్తూ 'అస్తిత్వం' అనే మాటను సామూహిక గుర్తింపు అనే అర్థంలో స్థిరపరిచారు. అందుకే 'అస్తిత్వవాదం' అనగానే కొందరు పాఠకులు అటు వెళ్తారు. ఆ పేరు మార్చనక్కర్లేదు. 'ఇక్కడ అస్తిత్వం అంటే ఉనికి' అని మొదటి పేరాలోనే ఒక వాక్యం రాయండి. శీర్షిక 'అస్తిత్వవాదం: విద్యార్థి సొంతదనం' అని పెట్టుకోవచ్చు.